గట్టు మీద రాయి, మడిలోకి నీళ్లు: విదేశాంగ విధానం బోధనలో ఒక కేస్ స్టడీ

నేపథ్యం

బరంపురంలో మా ఇంట్లో ఆదివారాలు ఆరేడుగురు పిల్లలు కూర్చుంటారు. అందరూ సివిల్స్‌కో, ఒడిశా రాష్ట్ర సర్వీసులకో తయారవుతున్నవాళ్లే. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాక మొదలుపెట్టిన పని ఇది. మెయిన్స్ జవాబులు దిద్దుతాను. ఇంటర్వ్యూ దాకా వచ్చినవాళ్లకి ఇద్దరు ముగ్గురు మిత్రుల్ని పిలిచి మాక్ ఇంటర్వ్యూలు పెడతాను. ఈ కేసు ఆ పిల్లల్లో ఒక అమ్మాయిది. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, కుటుంబం తెలిసిపోయే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఆమె గజపతి జిల్లా వైపు నుంచి బస్సులో వచ్చేది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో. మా వైపు ఇది మామూలే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, చుట్టాల్లో సగం మంది శ్రీకాకుళం వైపు ఉండిపోయారు. పెళ్లిళ్లు ఇప్పటికీ అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాయి. ఒడిశా, ఆంధ్రల మధ్య వంశధార నది నీళ్ల తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్లిన రోజుల్లో పండక్కి కలిసిన బంధువులు ఒకే పంక్తిలో కూర్చుని ఎగువ వాదం, దిగువ వాదం రెండూ వినిపించేవాళ్లు. ఇరుగుపొరుగుతో నెగ్గుకురావడం ఎలాగో ఇక్కడి పిల్లలకు పుస్తకం తెరవకముందే తెలుసని నా నమ్మకం. తెలిసింది కాగితం మీదికి ఎందుకు రావడం లేదన్నదే నాకు ఎదురైన ప్రశ్న.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండుసార్లు మెయిన్స్ రాసి ఉంది. రెండోసారి ఇంటర్వ్యూకి పిలిచారు గానీ జాబితాలో పేరు రాలేదు. జనరల్ స్టడీస్ రెండో పేపరులో అంతర్జాతీయ సంబంధాల ప్రశ్నలు వస్తాయి. 15 మార్కుల ప్రశ్నకు 250 పదాల్లో జవాబు రాయాలి. ఆమె ఇంట్లో రాసుకున్న జవాబులు ఓ ఇరవై తెచ్చి నా ముందు పెట్టింది. చేతిరాత ముచ్చటగా ఉంది, తారీఖుల్లో తప్పుల్లేవు. కానీ నేపాల్ మీద ప్రశ్నైనా, చైనా మీదైనా, అమెరికా మీదైనా ఆఖరి పేరా ఒకటే: దౌత్యానికీ దృఢత్వానికీ మధ్య భారత్ సమతుల్యం పాటించాలి. కర్ర విరగకుండా పాము చావకుండా రాసిన జవాబులు. తప్పని కొట్టేయడానికి లేదు, మార్కులు వేయడానికీ లేదు.

మాక్ ఇంటర్వ్యూలో ఇదే జబ్బు ఇంకో రూపంలో బయటపడింది. సైన్యంలో పనిచేసి వచ్చిన మిత్రుడు ఒకరు, "గల్వాన్‌లో 20 మందిని పోగొట్టుకున్నాక కూడా చైనాతో మాటలెందుకమ్మా?" అని గట్టిగా అడిగారు. ఆమె ఆయనతో ఏకీభవించింది. ఐదు నిమిషాల తర్వాత మా కాలేజీలోనే చరిత్ర చెప్పిన ఇంకో మిత్రుడు, "మాట్లాడకపోతే యుద్ధమేగా, అది భరించగలమా?" అన్నారు. ఆయనతోనూ ఏకీభవించింది. పది నిమిషాల్లో రెండు విదేశాంగ విధానాలు చెప్పింది.

అయిపోయాక వరండాలో నిలబడి, "మాస్టారూ, నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి. ఏది ఎప్పుడన్నదే తెలీడం లేదు," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. జబ్బేమిటో ఆమే చెప్పేసింది. నేను అప్పుడు దాన్ని ఓదార్చాల్సిన మాటగా విన్నానే గానీ వైద్యానికి పనికొచ్చే మాటగా వినలేదు. దాదాపు రెండు నెలలు అలా పోయాయి.

చేసి చూసినవి, ఫలించనివి

విషయం చాలక తడబడుతోందని మొదట అనుకున్నాను. ఉపాధ్యాయుడికి ఆ అనుమానం తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే దానికి మందు చేతిలోనే ఉంటుంది. పాకిస్తాన్‌తో తాష్కెంట్, సిమ్లా ఒప్పందాల నుంచి చైనాతో లద్దాఖ్ దాకా నోట్స్ ఇచ్చాను. మూడు వారాల్లో అంతా చదివేసింది. జవాబుల్లో మొదటి మూడు పేరాలు చిక్కబడ్డాయి, నాలుగో పేరా మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమెకు కొరవడింది సమాచారం కాదని అప్పుడు అర్థమైంది. ఒక విషయాన్ని పట్టుకుని ఇటు తేల్చాలో అటు తేల్చాలో నిర్ణయించే కొలత ఆమె దగ్గర లేదు.

కొలత ఇద్దామని ఒక సూత్రం చెప్పాను: మిత్రులతో మెత్తగా, ప్రత్యర్థులతో గట్టిగా. రోజూ వినే మాటే కదా, పట్టు దొరుకుతుందనుకున్నాను. నేను చేసిన వాటన్నిటిలో ఎక్కువ చెరుపు చేసింది ఇదే. మర్నాటి జవాబులోనే రష్యా దగ్గర ఇరుక్కుపోయింది. రష్యా మిత్రదేశం. ఐక్యరాజ్యసమితిలో ఉక్రెయిన్ తీర్మానాలకు మనం ఓటు వేయకుండా ఊరుకున్నాం, చమురు కొన్నాం. అదే 2022 సెప్టెంబరు 16న సమర్‌ఖండ్‌లో ఇది యుద్ధాల యుగం కాదని పుతిన్‌కు ఎదురుగానే మన ప్రధాని చెప్పారు. నా సూత్రం ప్రకారం ఆ మాట అనకూడదు. చైనా దగ్గర అదే సూత్రం ఇంకోలా దెబ్బతింది. ప్రత్యర్థితో గట్టిగా ఉండటమే సరైతే 2020 తర్వాత సైనిక కమాండర్లు అన్ని విడతలు కూర్చుని మాట్లాడటం ఏమిటి?

ఆమె ఈ రెండు ప్రశ్నలూ నన్ను అడగలేదు. మాస్టారు చెప్పింది తప్పయి ఉండదనుకుని ఆ రెండు సంఘటనల్నీ జవాబులోంచి తీసేసింది. దిద్దుతుంటే నాకు కనబడిందది. సూత్రం కోసం నిజాన్ని వదిలేసుకునే దాకా తీసుకెళ్లానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత కృష్ణ రాయబారం కథ చెప్పాను. అడిగింది ఐదూళ్లే, అయినా వెనక యుద్ధానికి ఏర్పాట్లు ఆగలేదు అని. ఆమెకు బాగా నచ్చింది. వరసగా నాలుగు జవాబులు రాయబారంతోనే మొదలుపెట్టింది. అది అక్కడితో ఆపేశాం.

మలుపు

ఒక ఆదివారం ఆమె బాగా ఆలస్యంగా వచ్చింది. చెప్పుల అంచులకి ఎండిన బురద ఉంది. ముందురోజు ఊళ్లో పొలం కొలిచారట, అమీను వచ్చాడట. మా వైపు సర్వేయరుని అమీను అనే అంటారు. వాళ్ల చిన్నాన్న ఏటా ఉడుపులకు ముందు గట్టు చెక్కుతూ వస్తున్నాడు. పారతో ఏడాదికి జానెడు. గట్టు మీద వాళ్ల తాత పాతిన రాయి ఒకటి ఉంది, నాలుగేళ్లలో అది ఒకవైపు ఒరిగిపోయింది.

"మరి నాన్నగారు ఏమన్నారు?" అని అడిగాను, మాట కలపడానికే.

ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. అమీను గొలుసు పట్టి కొలిచి, సున్నం చల్లి గుర్తు పెట్టాడు. నాన్న రాయిని నిటారుగా నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి కాలితో తొక్కాడు. గొంతు పెంచలేదు. "ఒరే తమ్ముడూ, నాన్న పాతింది ఇక్కడే కదరా," అన్నాడు. చిన్నాన్న కాసేపు నేల చూసి, "గట్టు నాకెందుకు అన్నయ్యా, నీళ్లు నా మడికి ఎక్కడం లేదు," అన్నాడు. అప్పుడు నాన్న పార అందుకుని తన మడి అంచునే చిన్న బోదె తవ్వి నీళ్లు అటు వదిలాడు. రాయిని మాత్రం అంగుళం జరగనివ్వలేదు. మధ్యాహ్నం ఇద్దరూ వీళ్లింట్లోనే భోంచేశారు.

నేను నోట్స్ మూసేశాను. "నాన్నగారు గట్టిగా ఉన్నారా, మెత్తగా ఉన్నారా?" అని అడిగాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాయి దగ్గర గట్టిగా ఉన్నారు. నీళ్ల దగ్గర మెత్తగా ఉన్నారు. మాట మాత్రం మొదటినుంచీ ఒకేలా ఉంది మాస్టారూ," అంది.

అప్పటిదాకా ఆమె దౌత్యాన్నీ దృఢత్వాన్నీ ఒకే తక్కెడలో రెండు పళ్లాలుగా చూస్తోంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలి. అందుకే ప్రతి జవాబూ ముల్లు మధ్యలో నిలబెట్టే ప్రయత్నంగా మారిపోయేది. నేనిచ్చిన సూత్రం కూడా ఆ తక్కెడనే ఆమె చేతిలో ఇంకోసారి పెట్టింది. వాళ్ల నాన్న తక్కెడ పట్టుకోలేదు. పట్టు దేని మీద, సడలింపు దేనిలో అని ముందే విడదీసుకున్నాడు. చిన్నాన్న చెక్కుతున్నది గట్టునే అయినా అతనికి కావాల్సింది నీళ్లని పసిగట్టాడు.

పనిచేసిన పద్ధతి

ఆ రోజు నుంచి ఏ సంఘటన చదివినా జవాబు రాయకముందు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయమన్నాను. మనకు ఇక్కడ కదలకూడని రాయి ఏది. వదిలినా నష్టం లేని నీళ్లు ఏవి. ఎదుటి ప్రభుత్వం తన ఇంట్లో ఎవరికి జవాబు చెప్పుకోవాలి. ఈ మాట నలుగురిలో అనాలా, గది తలుపు వేసి అనాలా. ఎదుటివాళ్లు మిత్రులా ప్రత్యర్థులా అన్న గడి కావాలనే పెట్టలేదు. దాన్ని బట్టి మారేది ఎక్కువగా నాలుగో గడే.

మొదట 1998 తీసుకున్నాం. మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి, అమెరికా ఆంక్షలు పెట్టింది. రాయి ఏమిటంటే, అణ్వాయుధ సామర్థ్యం వదులుకోం, సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం మీద ఒత్తిడికి లొంగి సంతకం చేయం. నీళ్ల గడిలో ఇక పరీక్షలు చేయబోమని మనంతట మనమే చెప్పుకున్న మాట వేసింది. అదే జూన్ నుంచి మన తరఫున జస్వంత్ సింగ్, అమెరికా తరఫున వాళ్ల విదేశాంగ ఉపమంత్రి స్ట్రోబ్ టాల్బట్ 14 విడతలు, ఏడు దేశాల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. 2000 మార్చిలో క్లింటన్ ఢిల్లీ వచ్చారు. 2008 అక్టోబరులో పౌర అణు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పరీక్షల నిషేధ ఒప్పందం మీద మన సంతకం ఇప్పటికీ లేదు. పదేళ్ల కథని నాలుగు గళ్లలో చూసేసరికి, "వాళ్లు ఒక్క విడతా లేచి వెళ్లిపోలేదు కదా మాస్టారూ," అంది. ఆఖరి పేరా అదే రాయమన్నాను.

తర్వాత డోక్లామ్. 2017 జూన్‌లో భూటాన్ తనదంటున్న పీఠభూమి మీద చైనా రోడ్డు వేయబోతే మన సైనికులు అడ్డంగా నిలబడ్డారు. 70 రోజులకు పైగా అలాగే ఉన్నారు. చైనా పత్రికలు 1962 గుర్తుచేస్తూ రాస్తే మన ప్రభుత్వం ఆ గొంతులో బదులివ్వలేదు. ఆగస్టు 28న వెనక్కి మళ్లడంపై ప్రకటనలు వచ్చాయి. వారం తిరక్కుండానే చైనాలోని షియామెన్‌లో బ్రిక్స్ సమావేశం. మూడో గడిలో ఆమె రాసిన మాట నాకు నచ్చింది: రెండు రాజధానులూ ఎవరి ప్రజలకు వాళ్లు చెప్పుకోగలిగే ప్రకటన ఇచ్చుకున్నాయి, ఎవరు తగ్గారన్నది రాసుకోలేదు. అయితే ఆ పీఠభూమి మీద వేరే చోట్ల చైనా కట్టడాలు తర్వాత కూడా సాగాయి. అది కూడా రాయమన్నాను. ఒకచోట రాయి నిలబడిందంటే గట్టు పొడుగునా నిలబడినట్టు కాదు.

ఇక్కడే ఈ పోలిక మాకు ఎదురుతిరిగింది. చైనా సరిహద్దు మీద ఇంకో జవాబులో, అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి హద్దు తేల్చుకోవాలని రాసింది. ఊళ్లో అమీను ఉన్నాడు, కాబట్టి ప్రపంచానికీ ఒకడు ఉంటాడనుకుంది. ఈ తప్పు నా వల్ల వచ్చింది కాబట్టి దాని మీద రెండు ఆదివారాలు కేటాయించాను.

అమీను సున్నం గీత ఎందుకు నిలుస్తుంది? దాని వెనక తహసీల్దారు ఉన్నాడు, ఆయన వెనక పోలీసు ఉన్నాడు. దేశాల మధ్య ఆ వెనక ఎవరూ లేరు. బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌తో మనకున్న సముద్ర హద్దు తగాదాపై 2014 జులైలో మధ్యవర్తి ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకే వచ్చింది. మనం ఒప్పుకున్నాం. మరుసటి ఏడాదే 1974 నుంచి నలుగుతున్న భూసరిహద్దు ఒప్పందం కూడా అమలైంది, అటు 111, ఇటు 51 చిట్‌మహళ్లు, అంటే ఒక దేశం మధ్యలో చిక్కుకున్న రెండో దేశపు భూముల తునకలు, చేతులు మారాయి. బంగాళాఖాతం తీర్పు వచ్చిన రెండేళ్లకు, 2016 జులై 12న, దక్షిణ చైనా సముద్రం మీద ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా తీర్పు వస్తే చైనా దాన్ని లెక్కచేయనే లేదు. తీర్పులు రెండూ ఒకే సముద్ర చట్టం కింద వచ్చినవే. మాట నిలుపుకుంటే ఎక్కువ లాభమని ఢిల్లీ అనుకుంది, బీజింగ్ అనుకోలేదు. పెద్ద దేశం చిన్న దేశం దగ్గర ఓడి మర్యాదగా ఒప్పుకోవడం బలహీనత అని ఆమె మొదట రాసింది. నేను ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోలు ఇరుగుపొరుగులో మన మాటకు విలువ తెచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

అమీను లేనిచోట రాయిని మనమే నిలబెట్టుకోవాలి. 2020 జూన్ 15 నాటి గల్వాన్ ఘర్షణ తర్వాత లద్దాఖ్‌లో సైన్యం చలికాలాలు కూడా కదలకుండా ఉండగానే చర్చలు సాగాయి. డెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ మీద ఒప్పందం కుదరడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఈ మధ్యలో చైనా నుంచి దిగుమతులు ఆగకపోవడం మన తడబాటు కాదా అని ఆమె అడిగింది. ఎంతోకొంత అవుననే చెప్పాను. మందుల తయారీకి కావాల్సిన ముడిసరుకుల దగ్గర్నుంచి ఎలక్ట్రానిక్ విడిభాగాల దాకా అవతలివాడి మీద ఆధారపడి ఉన్నప్పుడు రాయి దగ్గర నిలబడే కాళ్లలో ఒకటి అరువుదే.

ఆఖరి ఇంటర్వ్యూ

మూడోసారి ఆమెను మళ్లీ ఇంటర్వ్యూకి పిలిచారు. బోర్డులో ఒకరు, పొరుగున ఉన్న స్నేహితుడే పొమ్మంటే ఏం చేయాలి అని అడిగారట. ఆమె మాల్దీవుల గురించి చెప్పింది. 2023లో ఇండియా అవుట్ ప్రచారంతో ముయిజ్జు అక్కడ అధ్యక్షుడిగా గెలిచారు, మన సైనికుల్ని వెళ్లిపొమ్మన్నారు. 2024 మే 10 లోపు వాళ్లు తిరిగొచ్చారు. వాళ్లు నడిపిన రెండు హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం అక్కడే ఉన్నాయి, వాటి పని చూసుకోవడానికి పౌర సాంకేతిక సిబ్బంది వెళ్లారు. మాల్దీవుల ఉపమంత్రులు మన ప్రధానిని కించపరిచి మాట్లాడిన ఏడాదిలోనే బియ్యం, గోధుమపిండి, గుడ్లలాంటి సరుకుల ఎగుమతి కోటా పెంచాం. అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చినప్పుడు 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదిరింది.

"అంటే మనం తగ్గినట్టేగా?" అని ఆయన కొంచెం కటువుగానే అన్నారట.

"యూనిఫాం విషయంలో తగ్గాం సర్. విమానాల విషయంలో తగ్గలేదు. మనకు ముఖ్యమైనవి విమానాలని నా అభిప్రాయం," అందట.

ఆయన ఇంకోసారి రెట్టించారు. ఆమె మాట మార్చలేదు, గొంతూ పెంచలేదు. బయటికొచ్చి ఫోన్ చేసినప్పుడు మార్కుల టెన్షన్ కంటే ఈ సంగతి చెప్పాలన్న ఆత్రమే ఎక్కువ వినబడింది. ఈసారి జాబితాలో పేరు వచ్చింది. విదేశాంగ సర్వీసు రాలేదు, వేరే శాఖలో ఉంది.

నేను మార్చుకున్నవి

పిల్లలు "రెండూ నిజమే అనిపిస్తున్నాయి" అన్నప్పుడు ఇప్పుడు నేను నోట్స్ తీయడం లేదు. ఏ రెండూ, ఏ విషయంలో అని అక్కడే కూర్చోబెట్టి అడుగుతున్నాను. మిత్రుడు, ప్రత్యర్థి అనే మాటల్ని జవాబు మొదటి వాక్యంలో రాయనివ్వడం లేదు. ఇంట్లో, ఊళ్లో చూసిన తగాదా ఒకటి చెప్పమంటాను, తర్వాత అది దేశాలకు ఎక్కడ పనికిరాదో కూడా వాళ్లచేతే చెప్పిస్తాను. ఈ రెండో సగం మానేస్తే మొదటి సగం ప్రమాదమే.

ఈ నాలుగు గళ్లలో కుదురుగా కూర్చోని సంఘటన ఒకటుంది. 2015 సెప్టెంబరు 20న నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. అందులో తమకు అన్యాయం జరిగిందని మన సరిహద్దు పక్క మైదానాల్లో ఉండే మధేశీలు ఆందోళనకు దిగారు. భూకంపం వచ్చి ఐదు నెలలైనా కాని ఆ దేశానికి పెట్రోలు, వంటగ్యాస్, మందులు సరిహద్దులో నెలల తరబడి నిలిచిపోయాయి. ఆందోళన వల్లే ఆగాయంది ఢిల్లీ, ఢిల్లీయే ఆపిందంది కాఠ్మాండూ. మరుసటి మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. మొదటి గడిలో ఏం రాయాలో ఆ అమ్మాయీ నేనూ గంటసేపు వాదించుకున్నాం. ఆ రాయి అసలు మన పొలంలోది కాదు మాస్టారూ అని ఆమె. కొంత మనదే, బీహార్ అవతల ఉన్నవాళ్లు మనవాళ్ల చుట్టాలే కదా అని నేను. సరిహద్దు అవతల చుట్టాలున్న మా ఇద్దరికీ అది ఉత్త వాదన కాదు. ఆ కాగితం మీద మొదటి గడి ఖాళీగానే ఉంది. అలాగే దాచాను.

ఇప్పుడొస్తున్న పిల్లలకు బంగ్లాదేశ్‌తో మన గంగా జలాల ఒప్పందం ఇచ్చాను. 1996 డిసెంబరు 12న 30 ఏళ్లకు రాసుకున్నది, 2026 డిసెంబరుతో గడువు తీరుతుంది. జనవరి నుంచి మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర ప్రవాహం 70,000 క్యూసెక్కులు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే చెరి సగం. ఇక్కడ ఎగువన ఉన్నది మనం. వంశధార కింద పొలాలున్న కుటుంబాల పిల్లలు ముగ్గురు దాన్ని తీసుకున్నారు, ఇద్దరి మేనమామలు దిగువన శ్రీకాకుళం జిల్లాలో ఉంటారు. మొదటి గడి దగ్గరే ముగ్గురూ మూడు రకాలుగా రాసుకొచ్చారు. వచ్చే ఆదివారం అక్కడి నుంచి మొదలుపెడతాం.